గాల్వా మీద ఒక నింద

కోడింగ్ థియరీ క్లాసులో మనందరం గాలోయిస్ అని చదివేసే పేరు అసలు పలకడం గాల్వా. ఎవరిస్ట్ గాల్వా. ఫ్రెంచి వాళ్ళకి చివరి అక్షరాలు రాయడం మీద ఉన్న శ్రద్ధ పలకడం మీద ఉండదు. ఆయన 1811 అక్టోబర్ 25న పుట్టి 1832 మే 31న పోయాడు. లెక్కేస్తే 20 ఏళ్ళ 7 నెలలు. మన కాలేజీలో అయితే థర్డ్ ఇయర్.

ఆయన గురించి రాయాలని నాకు అనిపించడానికి కారణం గణితం కాదు, సర్వర్లు. నాలుగైదు హార్డ్ డిస్కులున్న సర్వర్ నెమ్మదించినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మాట అంటారు: రైడ్-6 పెట్టారు కదా, అందులో గాలోయిస్ ఫీల్డ్ లెక్కలుంటాయి, అవి బరువు, అందుకే స్లో. ఈ మాట నేను సీనియర్ల దగ్గర విన్నాను, జూనియర్లు నాకే తిరిగి చెప్పగా విన్నాను. చచ్చిపోయి దాదాపు రెండు వందల ఏళ్ళవుతున్న కుర్రాడి మీద ఇది ఉత్త నింద. బతికుండగా ఆయన పడ్డవి చాలు.

పుట్టింది పారిస్ పక్కనున్న బూర్-లా-రేన్ అనే చిన్న ఊళ్ళో. నాన్న నికొలా గాబ్రియెల్ ఆ ఊరి మేయరు, రాజరికం పడనివాడు. అమ్మ అడెలాయిడ్ బాగా చదువుకున్న మనిషి. పన్నెండేళ్ళు వచ్చేదాకా పిల్లాణ్ణి బడికి పంపకుండా లాటిన్, గ్రీకు తనే చెప్పింది. 1823లో పారిస్‌లోని లూయీ-ల-గ్రాన్ బడిలో వేశారు. మొదట్లో బాగానే చదివాడు, తర్వాత ఆసక్తి పోయింది, ఒక క్లాసు మళ్ళీ చదవమన్నారు. అలా వెనక్కి నెట్టిన సంవత్సరమే గణితం క్లాసులో కూర్చున్నాడు. లెజాండ్ర్ రాసిన జ్యామితి పుస్తకం చేతికొచ్చింది. మన వాళ్ళు డిటెక్టివ్ నవల చదివినట్టు చదివేశాడంటారు. ఆ తర్వాత నేరుగా లాగ్రాంజ్ రాసిన పెద్దవాళ్ళ పరిశోధనలకి వెళ్ళిపోయాడు. మిగతా సబ్జెక్టులు గాలికొదిలేశాడు. టీచర్ల రిపోర్టుల్లో ఈయన గురించి మంచి మాటలూ ఉన్నాయి, విసుగూ ఉంది. ఏ కాలేజీలోనైనా ఇలాంటివాడు ఒకడుంటాడు, మనకి తెలుసు.

ఇక ఎంట్రన్స్ సంగతి. ఆ రోజుల్లో ఫ్రాన్సులో గణితం అంటే ఎకోల్ పాలిటెక్నిక్. మన లెక్కలో ఐఐటీ అనుకోండి, ఇంకా కొంచెం పైన. 1828లో ఏ కోచింగూ లేకుండా వెళ్ళి రాశాడు, రాలేదు. మరుసటి ఏడు రిషార్ అనే మంచి మాస్టారు దొరికాడు. ఈ కుర్రాడు మామూలువాడు కాదని గుర్తించిన మొదటి మనిషి ఆయనే. 1829 ఏప్రిల్‌లో మొదటి పేపర్ అచ్చయింది. ఆ వేసవిలో సమీకరణాల మీద రాసింది అకాడమీకి పంపాడు, దాన్ని చూసే పని కోషీ చేతికి వెళ్ళింది.

జూలైలో దెబ్బ మీద దెబ్బ. ఊరి మతాధికారి మేయరు మీద కక్షతో, మేయరు రాసినట్టుగా బూతు పద్యాలు రాసి ఊరంతా తిప్పాడు. నాన్న ఆ అవమానం భరించలేక పారిస్‌లో, కొడుకు బడికి దగ్గర్లోనే ఉన్న గదిలో, ఆత్మహత్య చేసుకున్నాడు. సమాధి చేసే రోజు ఊళ్ళో గొడవలయ్యాయి. అది జరిగిన కొద్ది రోజులకే పాలిటెక్నిక్ రెండో ప్రయత్నం. నోటి పరీక్ష. మళ్ళీ ఫెయిల్. పరీక్షకుడి మీదికి డస్టర్ విసిరాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది, దానికి ఆధారం లేదు. ఆధారం ఉన్నది ఇంతే: రెండుసార్లకి మించి రాయనివ్వరు. అయిపోయింది. ఎంసెట్ లాంగ్ టర్మ్ కూడా లేదన్నమాట. ఆఖరికి టీచర్లని తయారు చేసే ఎకోల్ నార్మల్‌లో చేరాడు.

అకాడమీకి పంపిన కాగితాలు కోషీ పారేశాడని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నాకు కోషీ మీద అంత కోపం లేదు. 1830 జనవరిలో ఆయన రాసిన ఉత్తరం ఒకటి తర్వాత బయటపడింది. గాల్వా పని మీద మాట్లాడదామనుకున్నాననీ, ఒంట్లో బాగాలేక రాలేకపోతున్నాననీ అందులో ఉంది. పై వారం వచ్చాడు గానీ తన పేపర్ ఒక్కటే చదివాడు. ఫిబ్రవరిలో గాల్వా దాన్ని మళ్ళీ రాసి, అకాడమీ పెద్ద బహుమతికి పంపాడు. అది ఫూరియే ఇంటికి వెళ్ళింది. అవును, మన ఫూరియే ట్రాన్స్‌ఫామ్ ఫూరియేనే. మే నెలలో ఆయన చనిపోయాడు. ఆ ప్రతి ఆయన కాగితాల్లో దొరకలేదు. ఒకే కాపీ, ఒకే చోట, ఆ చోటు పోతే అంతా పోయినట్టే. డిస్కుల గురించి చదివేవాళ్ళకి ఇది ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు.

ఇంత జరుగుతుంటే అదే ఏడాది ఒక పత్రికలో ఆయనవి మూడు పేపర్లు అచ్చయ్యాయి. జూన్‌లో వచ్చింది సంఖ్యా సిద్ధాంతం మీద. మన డిస్కులకి కావాల్సింది సరిగ్గా అదే. కొంచెం ఓపిక పట్టండి, ఇంటర్ లెక్కలు చాలు.

ఏడు అంకెలున్న గడియారం ఊహించుకోండి. 0 నుంచి 6 దాకా, 7 అయితే మళ్ళీ 0. ఇందులో కూడొచ్చు, తీసెయ్యొచ్చు, గుణించొచ్చు. 0 తప్ప దేనితోనైనా భాగించొచ్చు కూడా. 7 ప్రధాన సంఖ్య కాబట్టి ఇది కుదురుతుంది. అదే 256 అంకెల గడియారం తీసుకుంటే కుదరదు. 2ని 128తో గుణిస్తే 256, అంటే 0. సున్నా కానివి రెండు గుణిస్తే సున్నా వచ్చిందంటే భాగహారం అక్కడే చచ్చింది. కంప్యూటర్‌లో ఒక బైట్‌కి విలువలు సరిగ్గా 256. ఇబ్బంది అదే.

గాల్వా ఏం చేశాడంటే, మామూలు సంఖ్యల్లో మైనస్ ఒకటికి వర్గమూలం లేకపోతే ఐ అనే కొత్త గుర్తు తెచ్చుకుంటాం కదా, ఈ చిన్న గడియారాల్లోనూ అదే చేశాడు. గడియారంలో సాధన లేని సమీకరణం ఒకటి తీసుకుని, దానికి సాధన ఉన్నట్టే ఒక కొత్త గుర్తు పెట్టాడు. ఆయన సొంత ఉదాహరణ 7తోనే. ఏడు గడియారంలో దేని ఘనమూ 2 కాదు. ఘనం చేస్తే 2 వచ్చే గుర్తు ఒకటి ఉందనుకున్నాడు. దాంతో 7 కాస్తా 7 ఘనం, అంటే 343 సంఖ్యల లోకమైంది. అందులో నాలుగు క్రియలూ పనిచేస్తాయి, భాగహారంతో సహా. ప్రధాన సంఖ్య 2 తీసుకుని, ఎనిమిదో ఘాతం దాకా వెళ్తే 256. మన బైట్.

ఇప్పుడు సర్వర్ దగ్గరికి. డిస్కులు చాలా ఉన్నప్పుడు ఫైల్‌ని ముక్కలు చేసి అన్నిటి మీదా పంచితే వేగం వస్తుంది, ఎందుకంటే అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. కానీ డిస్కులు పెరిగే కొద్దీ ఏదో ఒకటి పోయే అవకాశమూ పెరుగుతుంది. అందుకని రైడ్-5లో అన్ని ముక్కల్నీ ఎక్సార్ చేసిన ఒక ముక్క అదనంగా ఉంచుతాం. దాన్ని పీ అంటారు. ఒక డిస్క్ పోతే మిగిలినవన్నీ ఎక్సార్ చేస్తే పోయింది తిరిగొస్తుంది. రెండు పోతే? తెలియనివి రెండు, సమీకరణం ఒకటి. సాధన రాదు. రెండో సమీకరణం కావాలి. రైడ్-6లో అదే క్యూ. ఒక్కో డిస్క్ ముక్కనీ ఒక్కో వేరే సంఖ్యతో, 1, 2, 4, 8 ఇలా, గుణించి కలుపుతాం. సాధించేటప్పుడు భాగహారం చెయ్యాలి కాబట్టి ఆ గుణకారం గాల్వా లోకంలో జరగాలి.

అంత గొప్ప లోకంలో గుణకారం ఎంత బరువుంటుందో అని భయపడతాం. లైనక్స్ కెర్నెల్‌లో 2తో గుణించడం ఇలా ఉంటుంది: బైట్‌ని ఒక బిట్ ఎడమకి జరుపు, పైనుంచి బిట్ బయటపడితే 29తో ఎక్సార్ చెయ్యి. అంతే. క్యూ మొత్తం కట్టడానికి ఈ ఒక్క పనే మళ్ళీ మళ్ళీ చేస్తే చాలు. పైగా ప్రాసెసర్‌లో వెడల్పాటి రిజిస్టర్లు ఉంటాయి, వాటితో పదుల బైట్లు ఒకే దెబ్బకి చేస్తుంది. రైడ్-6 మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు కెర్నెల్ నాలుగైదు పద్ధతుల్ని పరుగు పందెం పెట్టి, గెలిచినదాన్ని ఎంచుకుని, లాగ్‌లో రాస్తుంది. మామూలు ప్రాసెసర్‌లో కూడా అక్కడ సెకనుకి వేల మెగాబైట్లు కనిపిస్తుంది. తిరిగే డిస్క్ వరసగా ఇచ్చేది వందా రెండు వందల మెగాబైట్లు. ఇక్కడే నింద సగం వీగిపోయింది.

మిగతా సగం మా ల్యాబ్ సర్వర్‌లో చూశాను. ఆరు డిస్కులు, రైడ్-6, 7200 ఆర్‌పీఎం. ప్రాజెక్టు సబ్మిషన్ వారంలో లాగిన్ అవడానికే ప్రాణం పోయేది. రైడ్-5కి మార్చేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. నాకెందుకో మనసొప్పలేదు. ఐఓస్టాట్ పెట్టి కూర్చున్నాను. ప్రాసెసర్ దాదాపు ఖాళీ. డిస్కులు ఆరూ నిండుగా బిజీ, ఒక్కో రిక్వెస్ట్ క్యూలో పడిగాపులు.

లెక్క చూడండి. నిమిషానికి 7200 చుట్లంటే ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, 4.17. హెడ్ ఉన్న చేయి సరైన ట్రాక్‌కి కదలడానికి ఇంకో 8 దాకా. మొత్తం 12 చిల్లర. అంటే ఒక డిస్క్ సెకనుకి సుమారు 80 చిల్లర మల్లర పనులు చేస్తుంది, ఆరు కలిపి 480. ఇప్పుడు డేటాబేస్ ఒక చిన్న రికార్డు మార్చిందనుకోండి. రైడ్-6లో పాత ముక్క, పాత పీ, పాత క్యూ చదవాలి. కొత్తవి మూడూ రాయాలి. ఒక్క రాతకి ఆరు పనులు. 480ని ఆరుతో భాగిస్తే 80. ఆరు డిస్కులు కొని ఒక డిస్క్ వేగం! రైడ్-5లో నాలుగు పనులు, కాబట్టి 120. అద్దంలా రెండేసి కాపీలుంచే రైడ్-10లో రెండే పనులు, 240. ఈ తేడా అంతా చేయి కదలడంలోనూ, పళ్ళెం తిరగడంలోనూ ఉంది. గాల్వా గుణకారం ఇందులో కనపడనంత చిన్నది.

జబ్బేంటో తెలిసింది కాబట్టి మందు కూడా అక్కడే వెయ్యాలి. డేటాబేస్‌ని రెండు చిన్న ఎస్‌ఎస్‌డీల మీదికి, రైడ్-1గా మార్చాం. చేయీ లేదు, చుట్టూ లేదు. ఊరట ఎక్కువగా వచ్చింది దీంతోనే. వీడియోలు, డేటాసెట్లు, బ్యాకప్ ఫైళ్ళు లాంటి పెద్దవి రైడ్-6లోనే ఉంచాం. పెద్ద ఫైల్ వరసగా రాస్తే ఒక వరస మొత్తం ఒకేసారి నిండుతుంది. మా దాంట్లో ముక్క 512 కిలోబైట్లు, డేటా ముక్కలు నాలుగు, అంటే 2 మెగాబైట్లు. వరస మొత్తం చేతిలో ఉంటే పాతవేవీ చదవక్కర్లేదు, పీ, క్యూ అక్కడికక్కడే కట్టి ఆరు డిస్కులకీ ఒకేసారి రాసెయ్యొచ్చు. ఈ అవకాశం పెరగాలంటే స్ట్రైప్ క్యాష్ పెంచాలి. డిఫాల్ట్ 256 ఉంటుంది, మేం 4096 పెట్టాం. ఆరు డిస్కులకి, పేజీ 4 కిలోబైట్ల చొప్పున, 96 మెగాబైట్ల మెమరీ తింటుంది, తిననివ్వండి. ఫైల్ చదివిన ప్రతిసారీ ఆ టైం రాసే అలవాటుని మౌంట్ ఆప్షన్లలో ఆపేశాం. చదవడానికి రాతలెందుకు చెప్పండి. ఫైల్ సిస్టమ్ చేసేటప్పుడే వరస సైజు దానికి తెలియజెయ్యడం కూడా మంచిది, లేకపోతే ఒక చిన్న రాత రెండు వరసల మీద పడి డబుల్ పని పెడుతుంది.

మరి అన్నీ రైడ్-10 చేసెయ్యొచ్చు కదా అంటారు. వేగమే కావాలంటే చెయ్యొచ్చు. కానీ ఆరింటిలో ఒకటి పోయాక, దాని జంట కూడా పోతే డేటా పోయినట్టే. మిగిలిన అయిదింటిలో ఒకటి ప్రాణాంతకం. అదే రైడ్-6లో ఏ రెండు పోయినా పర్వాలేదు. 4 టెరాబైట్ల డిస్క్‌ని తిరిగి కట్టడానికి, సెకనుకి 150 మెగాబైట్లు ఆపకుండా రాసినా, ఏడు గంటలు దాటుతుంది. సర్వర్ వాడుకలో ఉంటే ఇంకా ఎక్కువ. మన డిస్కులన్నీ ఒకే రోజు, ఒకే పెట్టెలో వచ్చినవి, ఒకే వయసువి. ఆ గంటల్లో రెండోది పోదని ఎవరు హామీ ఇస్తారు? ఫైనల్ ఇయర్ వాళ్ళ ప్రాజెక్టులన్నీ అందులో ఉన్నాయి. నేను గాల్వా వైపే. (అలాగని రైడ్ ఉంది కదా అని బ్యాకప్ మానెయ్యకండి. పొరపాటున డిలీట్ కొడితే రైడ్ దాన్ని అన్ని డిస్కుల్లోంచీ శ్రద్ధగా తీసేస్తుంది.)

మళ్ళీ 1830కి. జూన్‌లో ఆ పేపర్ వచ్చింది, జూలైలో పారిస్ వీధుల్లో విప్లవం వచ్చింది. పాలిటెక్నిక్ కుర్రాళ్ళు వీధుల్లో పోరాడుతుంటే ఎకోల్ నార్మల్ డైరెక్టర్ తన విద్యార్థుల్ని లోపలే పెట్టి తాళం వేశాడు. గాల్వా గోడెక్కి దూకబోయాడు, కుదర్లేదు. ఆ కోపం లోపల ఉండిపోయింది. డిసెంబర్‌లో డైరెక్టర్‌ని ఏకిపారేస్తూ పత్రికకి ఉత్తరం రాశాడు, కాలేజీ నుంచి గెంటేశారు. నేషనల్ గార్డ్ ఫిరంగి దళంలో చేరితే, అది రాజుకి ప్రమాదమని దాన్నే రద్దు చేశారు. 1831 జనవరిలో, ప్వాసాన్ అడగ్గా, సమీకరణాల పని మూడోసారి రాసి అకాడమీకి ఇచ్చాడు. ప్వాసాన్ అంటే ప్రాబబిలిటీలో మనల్ని పీడించే ప్వాసానే. నెలలు గడిచినా జవాబు లేదు.

మే నెలలో ఒక విందులో, కొత్త రాజు లూయీ ఫిలిప్ పేరెత్తి గ్లాసు పైకెత్తాడు, ఇంకో చేతిలో చాకు. అరెస్టు. జూన్‌లో కోర్టు వదిలేసింది. జూలై 14న రద్దయిన దళం యూనిఫాం వేసుకుని ఊరేగింపుకి వెళ్ళాడు. మళ్ళీ అరెస్టు, ఈసారి ఆరు నెలల శిక్ష, సెంట్ పెలాజీ జైలు. ప్వాసాన్ జవాబు జైల్లో ఉండగానే అందింది. వాదన అర్థమయ్యేలా లేదు, సరిపోయినంత విపులంగా లేదు, పూర్తి సిద్ధాంతం రాసి ప్రచురిస్తే అప్పుడు చూడొచ్చు అని సారాంశం. నిజం చెప్పాలంటే ప్వాసాన్ మాటలో న్యాయం లేకపోలేదు. గాల్వా నాలుగు మెట్లు ఒక అంగలో దాటేసేవాడు, చదివేవాడి సంగతి పట్టించుకునేవాడు కాదు. కానీ ఆ కాగితాలు జైలు గోడల మధ్య అందుకున్న పంతొమ్మిదేళ్ళవాడికి ఆ న్యాయం ఎలా కనిపిస్తుంది?

1832 వసంతంలో పారిస్‌లో కలరా వచ్చింది. ఖైదీల్లో కొందర్ని ఒక చికిత్సాలయానికి మార్చారు. అక్కడ స్టెఫనీ అనే అమ్మాయి పరిచయమైంది, కొద్ది రోజుల్లో ఆమె వద్దంది. ఏప్రిల్ చివర విడుదలయ్యాడు. ఒక నెల తిరిగేసరికి పిస్తోళ్ళతో ద్వంద్వ యుద్ధం. ఎవరితో, ఎందుకు అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మే 29 రాత్రి స్నేహితుడు ఒగ్యుస్త్ షెవాలియేకి పెద్ద ఉత్తరం రాశాడు. తన ఫలితాలు ఏవేంటో వరసగా చెప్పి, వాటి విలువ గురించి యాకోబీనో గౌస్‌నో బహిరంగంగా అభిప్రాయం అడగమన్నాడు. నిజమా కాదా అని కాదు, ముఖ్యమైనవా కాదా అని. పాత ప్రతిని తిరగేసి దిద్దుతూ, ఒక చోట మార్జిన్‌లో, పూర్తి చెయ్యడానికి టైం లేదని గీకాడు. గాల్వా మొత్తం సిద్ధాంతం ఆ ఒక్క రాత్రే రాశాడని వాట్సాప్‌లో తిరిగే కథ తప్పు. ఆ రాత్రి చేసింది సర్దుబాటు. అకాడమీకి మూడుసార్లు ఇచ్చిన పని అది. మన డిస్కుల లెక్క అయితే రెండేళ్ళ ముందే అచ్చులో ఉంది.

మర్నాడు తెల్లారగట్ల పొట్టలో గుండు దిగింది. అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. దారిన పోయే రైతు చూసి కొషాన్ ఆసుపత్రికి చేర్చాడు. తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ వచ్చాడు. 31 పొద్దున్న ప్రాణం పోయింది. జూన్ 2న మోంపర్నాస్ శ్మశానంలో, ఎవరిదో గుర్తుండని ఉమ్మడి గోతిలో పాతిపెట్టారు. అది ఎక్కడో ఇప్పుడు చూపించలేరు.

కానీ ఈసారి కాపీలు పోలేదు. షెవాలియే, ఆల్‌ఫ్రెడ్ కూర్చుని కాగితాలన్నీ శుద్ధంగా తిరగరాశారు, ఆ ఉత్తరాన్ని ఆ ఏడాదే అచ్చు వేయించారు. గౌస్ గానీ యాకోబీ గానీ ఏమీ చెప్పలేదు. పదకొండేళ్ళకి లియూవిల్ ఆ కట్ట విప్పి, ఓపిగ్గా చదివి, సరైనవేనని అకాడమీలో ప్రకటించాడు. 1846లో తన పత్రికలో ప్రచురించాడు. 1893లో అమెరికాలో మూర్ అనే గణితవేత్త, ఇలాంటి పరిమిత లోకం ఏది తీసుకున్నా అది గాల్వా చెప్పినవాటిలో ఒకటే అవుతుందని చూపించాడు. గాల్వా ఫీల్డ్ అన్న పేరు అలా వచ్చింది. 1960లో రీడ్, సాలమన్ దాని మీద తప్పుల్ని దిద్దే కోడ్ కట్టారు. పీ, క్యూలు ఆ కుటుంబానివే.

ఈ వ్యాసం పంపే ముందు మన సర్వర్ లాగ్ మళ్ళీ చూశాను. పందెంలో గెలిచిన పద్ధతి పేరూ, దాని వేగమూ ఉన్నాయి. గాల్వా పేరు లేదు. మీ దగ్గర రైడ్-6 ఉంటే కెర్నెల్ లాగ్‌లో రైడ్6 అని వెతకండి, మీ ప్రాసెసర్ ఎంత చేస్తుందో అక్కడే ఉంటుంది. ఆ అంకె పక్కన మీ డిస్క్ వేగం రాసుకుని చూడండి.